ఓడల పొగకు ఇచ్చిన చెలకలు

కొత్తగూడ మండలంలో అడవి రోడ్డును ఆనుకుని ఉన్న ఆ చిన్న కోయగూడెంలో, ఈ వానాకాలం నీలి అనే ఆమె మెట్ట చెలకకు ఎవరూ బదులుకు రాలేదు. బదులంటే ఇవాళ నీ చేలో నేను గింజ పెడితే రేపు నా చేలో నువ్వు పెట్టడం. కూలి ఊసే ఉండదు, మనిషికి మనిషే చెల్లు. కాపురానికి వచ్చిన నాటి నుంచి నీలి చెయ్యి పడని చెలక ఆ గూడెంలో లేదు. అలాంటి మనిషి ఇప్పుడు మొగుడు కనకయ్యతో కలిసి ఇద్దరే నడుములు వంచి పత్తి గింజ పెట్టుకుంటోంది. ఎందుకని అడిగితే పసిపిల్లలు కూడా చెప్తారు, చెలకల్లో నాటిన మొక్కలన్నీ నీలే తగలబెట్టిందని. అది అబద్ధమైతే ఏదోలా కొట్టిపారేయవచ్చు. కాదు కాబట్టే ఆమెకు ఇంత కష్టం వచ్చింది.

రెండేళ్ల కిందట తొలకరికి ముందు జనగామ నుంచి అభిలాష్ అనే సూపర్వైజరు వచ్చాడు. కంపెనీల డబ్బుతో చెట్లు పెంచే ఏదో ఏజెన్సీ మనిషి. గూడెం పెద్ద పటేల్ ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టి సముద్రం సంగతి ఎత్తాడు. ఆ గూడెంలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా అభిలాష్ మంచి మాటకారి, విసుగు లేకుండా చెప్పాడు. దేశదేశాల సరుకు మోసే పెద్ద పెద్ద ఓడలు తారులాంటి నూనె కాలుస్తాయట. ఆ పొగకు భూమి వేడెక్కుతోందట. ఏ దేశానికీ చెందని నీళ్ల మీద వదిలే పొగ కాబట్టి ఏ ఒక్క సర్కారూ దాన్ని అడగలేదట. అందుకని దేశాలన్నీ లండన్‌లో కూర్చుని, ఎక్కువ పొగ వదిలే ఓడ ఎక్కువ కట్టాలని ఒక రూలు రాస్తున్నాయట. అది వచ్చేలోపే మంచిపేరు తెచ్చుకుందామని బయటి దేశపు ఓడల కంపెనీ ఒకటి, తన పొగను మింగే చెట్లు ఎక్కడో ఒకచోట పెంచాలనుకుంది. ఆ ఎక్కడో ఒకచోటు ఈ గూడెం అయింది.

సముద్రం మీది పొగను ఇక్కడి చెట్టు ఎట్లా మింగుతుందని నీలే అడిగింది. ఆకాశం అందరికీ ఒక్కటే కదా అక్కా అన్నాడు అభిలాష్. ఆ మాట నీలికి నచ్చింది. న్యాయంగా తోచింది కూడా. పత్తి ఒక ఏడు పండి రెండేళ్లు ఎండగొట్టే నేల మీద, ఏటా కౌలు చేతికిస్తామంటే ఎవరికి చేదు? కాకపోతే ముప్పై ఏళ్లు నాగలి పెట్టకూడదు, పశువును తోలకూడదు, గొడ్డలి ఎత్తకూడదు. అడవి వైపున్న చెలకలన్నీ అలా ఇచ్చేసి, టేకు, నేరేడు, కానుగ మొక్కలు తామే నాటారు. మొదటి ఏడు కౌలు వచ్చింది. రెండో ఏటిది రేపు మాపు అంటూ జరుగుతూ పోయింది.

మార్చిలో ఇప్పపువ్వు రాలే కాలం వచ్చింది. దేవతకు మొక్కి, తెల్లవారకముందే ఆడవాళ్లు ఎవరి చెట్ల కిందికి వాళ్లు పోతారు. పోయేముందు ఒకరోజు చెట్టు కింద ఎండాకు ఊడ్చి కాలుస్తారు. నేల నల్లగా శుభ్రమైతే, రాలిన పువ్వు ముత్యంలా కనబడుతుంది. నీలి తల్లి అట్లాగే చేసింది, అత్త కూడా అట్లాగే చేసింది. ఆ నిప్పు ఎప్పుడూ దారి తప్పలేదు, ఎందుకంటే చెట్టుకు అవతల దున్నిన చెలక ఉండేది. వేసవిలో అక్కడ గడ్డిపోచ మిగలదు. నిప్పు పాకుతూ పోయి ఆ ఎర్రమట్టి అంచున తనంతట తానే చచ్చిపోయేది.

ఈసారి ఆ అంచు లేదు. పోయిన వేసవికి గడ్డి ఇంకా పలచగానే ఉంది, ఇప్పటికి దున్నక, పశువులు మేయక రెండేళ్లైంది. మొక్కల మధ్య గడ్డి నడుం దాకా పెరిగి ఎండి ఉంది. నీలి రోజూ ఆ గడ్డి పక్క నుంచే నడిచింది. కళ్లతో చూసింది గానీ, చేతులకు పాత అలవాటే గుర్తుంది. అగ్గిపుల్ల గీసి, పక్క చెట్టు కింద ఊడుస్తున్న యారాలు కమలతో, అంటే మరిది భార్యతో, మాటల్లో పడింది. చిటపట శబ్దానికి వెనక్కి తిరిగేసరికి మంట చెలకలోకి దాటిపోయింది. పచ్చి కొమ్మలు విరిచి ఇద్దరూ బాదారు. గూడెమంతా ఉరికొచ్చింది. నీలి అరచేతులు బొబ్బలెక్కాయి. పొద్దెక్కేసరికి ఒక్క మొక్క మిగల్లేదు. కమల తన చెలక గట్టు మీద కూలబడి ఏడ్చింది. నీలిని ఒక్క మాట అనలేదు. ఆ రోజుకు ఆమె ఇంకా యారాలే.

కౌలు పోయిందని గూడెం గుడ్లురిమింది. అభిలాష్‌కు పటేల్ ఫోన్ చేశాడు. అతను వచ్చి అగ్గిమీద గుగ్గిలమవుతాడని నీలి గుండె దిటవు చేసుకుని కూర్చుంది. వచ్చినవాడు కాలిన చెలకలు చూసి తిట్టలేదు, మొహం చిట్లించలేదు. ఆ నెమ్మదికే నీలికి భయమేసింది. కనకయ్య ఇంట్లో లేని వేళ చూసి అతను వాకిట్లో కూర్చున్నాడు.

"అక్కా, జర నిమ్మళంగ ఇను. కంపెనోళ్లు దీపావళి పోయినంకనే చేతులెత్తేసిండ్రు. లండన్‌ల ఆ రూలు మీద ఓటు గావాలె గద, దాన్ని ఏడాది ఎనుకకు నూకిండ్రు. రూలే లేనప్పుడు మాకు మొక్కలెందుకని పైసలు బందు పెట్టిండ్రు."

"మరి మాకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దని పైనోళ్లు అన్నరు."

నీలి అరచేతుల వంక చూసుకుంది. పసుపు రాసిన బొబ్బలు ఇంకా ఆరలేదు. ఎవరికీ అక్కరలేని మొక్కల కోసం ఈ చేతులు కాల్చుకున్నానా అనుకుంది.

అభిలాష్ అసలు పని అప్పుడు చెప్పాడు. కంపెనీ తప్పుకున్నా ఏజెన్సీతో రాసుకున్న ఒప్పందం పోదు. కొత్త కంపెనీ దొరికేదాకా కౌలూ రాదు, నాగలీ పెట్టకూడదు. ఎన్నేళ్లైనా అంతే. మొక్కలు నిప్పుకు పోయాయంటే మాత్రం ఒప్పందం రద్దవుతుంది, ఎవరి చెలకలు వాళ్లకు వస్తాయి. తప్పుకున్నది కంపెనీ అని బయటపడదు, ఏజెన్సీకీ దాని పరువు కాపాడినట్టు ఉంటుంది. దానికి, నిప్పు పెట్టిన మనిషి ఫోన్ వీడియోలో ఆ మాట చెప్పాలి.

"అబద్ధం చెప్పుమంటలేను గదక్కా," అన్నాడు అతను, కళ్లు దించుకుని.

నీలి వెంటనే ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం పటేల్ ఇంటి ముందు అందరికీ విన్నది విన్నట్టు చెప్పింది. నా నిప్పుకు ముందే కౌలు బందైంది, అభిలాష్‌ను అడగండి అంది. అడిగారు. అతను ఫోనులో ఏదో వెతుక్కుంటూ, నాకు తెలవదు, పైనోళ్లను అడగాలె అన్నాడు. వాకిట్లో చెప్పిన నోరు అదేనా అనుకుంది నీలి. ఉద్యోగం కదా, అతనికీ ఇల్లూ వాకిలీ ఉంటాయి. అయినా నీలి అతన్ని ఇవాళ్టికీ క్షమించలేదు, క్షమించవలసిన పనీ లేదు.

అప్పుడు కమల నోరు విప్పింది.

"ఏడనో సముద్రంల ఓడలోళ్లు ఓటెయ్యకుంటే మన గూడెంల కౌలు ఆగుతదా? చేసింది చేసి ఇప్పుడు కథలు పడ్తున్నవా అక్కా?"

నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. నీలి వాళ్లను తప్పు పట్టలేకపోయింది. లండన్‌లో ఎవరో వాయిదా వేయడం ఎవరి కంటికీ కనబడదు. అగ్గిపెట్టె కనబడుతుంది. ఇంటికొచ్చాక కనకయ్యను, నువ్వన్నా నమ్ముతున్నావా అని అడిగింది. నమ్మితే ఏమొస్తది అని అతను అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆమె అభిలాష్‌ను పిలిచి సరేనంది. చెలకలు ముప్పై ఏళ్లు బీడు పడితే గూడెం తినేదేమిటి? నింద ఎట్లాగూ తన మీదే ఉంది, దానితో నేలైనా వెనక్కి వస్తే చాలనుకుంది. కాలిన మోళ్ల మధ్య నిలబెట్టి అతను ఫోన్ ఎత్తాడు.

"ఇప్పచెట్టు కింద నిప్పు నేనే పెట్టిన. అది చెలకలకు అంటుకున్నది. గని మొక్కలు కాలకముందే..."

"చాలక్కా," అని అతను ఫోన్ దించేశాడు.

చెలకలు వచ్చాయి. రోహిణి ఎండలు దాటి చినుకు పడగానే గూడెమంతా నాగళ్లు కట్టింది. ఆడవాళ్లు గుంపుగా ఒకరి చెలక నుంచి ఒకరి చెలకకు పోతున్నారు. నీలి మొదటిరోజు అలవాటు కొద్దీ కొంగు బిగించి పటేల్ చెలకకు పోయింది. మాకు మనుషులు సరిపోయారని చెప్పారు. రెండోరోజు ఇంకొకరు అదే అన్నారు. మూడోరోజు ఆమె పోలేదు. నేల ఇప్పించింది తనేనని చెప్పబోయి మానుకునేది. ఎవరు వింటారు?

పెద్ద వాన పడ్డ మర్నాడు, నీలి, కనకయ్య తలో నాగటి సాలు పట్టి గింజ పెడుతుండగా గట్టు మీద కమల కనిపించింది. నీలికి ప్రాణం లేచొచ్చింది. నడుం ఎత్తి, చేతుల మట్టి దులుపుకుని, ఒడిలో గింజలు సగం తీసి ఇవ్వడానికి సిద్ధంగా పట్టుకుంది. కమల గట్టు దిగలేదు.

"పటేల్‌కు అభిలాష్ ఫోన్ చేసిండంట అక్కా. లండన్‌ల ఓడలోళ్లు మల్ల కూసుంటరంట. ఈసారి రూలు వస్తే కొత్త కంపెనీ మన చెలకలనే అడుగుతదంట. అందరు ఇస్తమన్నరు." అటు ఆడవాళ్ల గుంపు వైపు ఒకసారి చూసింది. "గప్పుడు నువ్వు ఇప్పపువ్వుకు అటు దిక్కు రావద్దని పటేల్ చెప్పి రమ్మన్నడు."

"ఓడల ముచ్చట నేను చెప్తె కథలన్నవ్ గద కమలా."

కమల చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, బురదలో జాగ్రత్తగా అడుగులు వేస్తూ ఆడవాళ్ల గుంపు వైపు వెళ్లిపోయింది. ఆమె కోసం తీసిన గింజలు నీలి గుప్పిట్లోనే ఉన్నాయి. ఏడుపు ముంచుకొచ్చింది గానీ, సాలు సగంలో ఉంది, మళ్లీ మబ్బు పడుతోంది. ఆమె గింజలు ఒళ్లో వేసుకుని వంగింది.

ఏమంటదని కనకయ్య అటు సాలు నుంచి అడిగాడు.

బదులుకు రాదంట, అని చెప్పింది నీలి.