చువ్వ కౌన్సిలర్

మా నాచారం బస్తీలో కనకరాజు ఇల్లెక్కడ అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. ‘చువ్వ కౌన్సిలర్’ అంటే మాత్రం పసిపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడి నూలు మిల్లులో పదహారేళ్లు ఫిట్టరుగా చేశాడాయన. మిషను లోపల ఏం అరిగిందో తెలుసుకోవడానికి ఫిట్టర్లు ఇనుప చువ్వ ఒక కొస మిషనుకూ, రెండో కొస చెవికీ ఆనించి వింటారు. మిల్లు మూతపడింది, ఆయన ఉప్పల్ మున్సిపాలిటీకి కౌన్సిలరయ్యాడు, చువ్వ మాత్రం చేతిలోనే ఉండిపోయింది. నల్లా వదిలే రోజు పొద్దున్నే వార్డంతా తిరిగి, రోడ్డు మీద చువ్వ ఆనించి, భూమిలో పైపు ఎక్కడ కారుతోందో చెప్పేవాడు. తవ్వితే సరిగ్గా అక్కడే ఉండేది. అబద్ధమెందుకు, నాకదంతా ఓట్ల కోసం వేసే వేషంలా కనిపించేది. రెండుసార్లు గెలిచాడు, రెండుసార్లూ నేను ఓటెయ్యలేదు.

2009 ఎండాకాలం. మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోవడంతో కనకరాజన్నకు పదవి లేదు. ఆ ఏడాది చివర్లోనే గ్రేటర్ ఎన్నికలు. అప్పుడే మా గల్లీలో నల్లా నీళ్లు వాసన కొట్టాయి. పదకొండు ఇళ్లల్లో పదకొండు మంది పిల్లలకు కామెర్లు. ఎనిమిదేళ్ల మా మరియా కళ్లు పచ్చబడి దవాఖానాలో పడింది. కుట్టు కంపెనీలో పని మానేసి దాని మంచం పక్కనే కూర్చున్నాను. నీళ్ల ఇంజనీరు సంజీవరావు సారు మూడు చోట్ల తవ్వించాడు. మురుగు ఎక్కడ కలుస్తోందో దొరకలేదు. నీళ్లు వాసన కొడుతూనే ఉన్నాయి.

బట్టల కోసం ఇంటికొచ్చిన రోజు, కనకరాజన్న గల్లీలో సంజీవరావు సారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని చువ్వకు చెవి ఆనించి కనిపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నా బిడ్డ దవాఖానాల సావుబతుకుల మీదుంటే నువ్వు ఈడ పాటలింటున్నవా అన్నా?”

“జర ఆగు, సువార్త చెల్లె” అన్నాడే గానీ తలెత్తలేదు. జరుగుతూ జరుగుతూ గల్లీ మొదట్లో ఉన్న శిలాఫలకం దగ్గర ఆగాడు. విన్నాడు. చువ్వ కాస్త జరిపి మళ్లీ విన్నాడు. ముఖం నల్లబడింది.

ఫలకం మీద ఉన్నది ఆయన పేరే. కౌన్సిలరైన కొత్తలో చేయించిన మొదటి పని. రోడ్డు రెండుసార్లు తవ్వితే జనానికి ఇబ్బందని డ్రైనేజీ పైపునూ మంచినీళ్ల పైపునూ ఒకే గుంతలో వేయించాడు. ఆ రోజు గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

“సార్, తప్పు నాది” అన్నాడు పక్కనే ఉన్న సంజీవరావు సారుతో. “గప్పుడు నువ్వు వద్దన్నవ్. నేనే యినలే.”

గడ్డపార అందుకుని తన పేరున్న రాయిని తనే పగలగొట్టాడు. కింద రెండు పైపులూ ఒకదాన్నొకటి ఆనుకుని పగిలి ఉన్నాయి. నీళ్లు వదిలినప్పుడు కారే చిల్లు, ఆగాక మురుగును లోపలికి పీల్చుకుంటోంది. 

పైపులు విడివిడిగా వేశారు. పిల్లలు ఇళ్లకొచ్చారు. కానీ నల్లా గ్లాసు చూస్తేనే మరియా ఏడ్చేది. అప్పటి నుంచి నీళ్లొచ్చే ప్రతి రోజూ కనకరాజన్న ఆ పదకొండు ఇళ్లకూ వచ్చి ఇంటికో గ్లాసు తాగడం మొదలుపెట్టాడు. “ముందు నేను తాగుత. నాకేం గాకుంటే రేపు పిల్లకు తాపు” అనేవాడు. పదకొండు గ్లాసులు! ఆ మనిషి కడుపా, కుండా అనుకునేదాన్ని.

ఎన్నికలప్పుడు గడప గడపకూ వెళ్లి, “పోరగాండ్లకు కామెర్లు నా తప్పుతోనే అచ్చినయ్. గది తెలిసే ఓటెయ్యున్రి” అన్నాడు. ఇలా ఓటడిగే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఈసారి వేశాను. గెలిచి కార్పొరేటరయ్యాడు. గ్లాసు మాత్రం మానలేదు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే నల్లా నీళ్లకు అలవాటుపడ్డారు. మా మరియా ఐదేళ్లూ కాచిన నీళ్లే తాగింది.

2014 జూన్ రెండు. తెలంగాణ వచ్చిన రోజు. గల్లీలో డప్పులు, మిఠాయిలు. అంత సందట్లోనూ చువ్వతో వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

“ఇయ్యాల గూడనా అన్నా?”

“తెలంగాణ వస్తే నల్లా రాదా చెల్లె?” అని నవ్వి చెయ్యి చాపాడు.

మరియా నల్లా కింద గ్లాసు పట్టింది. ఆయనకు ఇవ్వలేదు. ఆయన చూస్తుండగానే గటగటా తాను తాగేసింది. మళ్లీ నింపి అందించింది.

“ఇగ నువ్వు నిమ్మళంగ తాగు మామా.”

కనకరాజన్న చువ్వను మా గోడకు ఆనించి, రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు. అయినా సగం నీళ్లు చొక్కా మీదే ఒలికాయి.