బొందలగడ్డలో పెట్టిన ట్యాబ్

దయ్యాల మాట ఎత్తితే నవ్వే రకం నేను. నా పని కూడా అలాంటిదే. జగిత్యాలలో మాది సీసీ కెమెరాలు, ఇంటర్నెట్ బిగించే దుకాణం. వేములవాడ లాడ్జీల్లో, మెట్‌పల్లి పసుపు గోదాముల్లో, రాత్రంతా మనిషి మసలని చోట్ల ఎన్నో కెమెరాలు పెట్టాను. దయ్యమనేది ఉంటే ఇన్నేళ్లలో ఒక్కటైనా చిక్కేది. చిక్కినవి కుక్కలు, పందికొక్కులు, ఒకసారి గుడి ముందు ఎవరివో కొత్త చెప్పులు తొడుక్కుని దర్జాగా నడిచిపోయిన ఒక పెద్దమనిషి.

దుకాణం గుమ్మానికి నిమ్మకాయలు కట్టేవాళ్లను చూస్తే ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడు చేయడం లేదు. అంటే నమ్ముతున్నానని కాదు. నోరు రావడం లేదు, అంతే.

మా చెల్లె లావణ్యను కోరుట్లలో ఇచ్చాం. బావ రమేశ్ దుబాయ్‌లో ఏసీ మెకానిక్. ఇంట్లో ఉండేది చెల్లె, వాళ్ల అత్త, కూతురు చిన్ని. చిన్నికి తొమ్మిదేళ్లు. దుబాయ్ నుంచి వచ్చే ఎవరితోనో బావ దానికి ఒక ట్యాబ్ పంపించాడు. అందులో సిమ్ వేసే వీలు లేదు. ఇంటి వైఫై అందితేనే నెట్ వస్తుంది, గడప దాటితే రాదు. ఆ వైఫై పెట్టింది నేనే కాబట్టి ఈ సంగతి ఖాయంగా చెప్పగలను.

బావ ఉండేది ఒకే గదిలో పదిమందితో. ఇంటి ఫొటోలు పదిమంది కంట పడకుండా ఉండే ఉపాయం చెప్పమంటే, నేనే ఒక యాప్ ఎక్కించాను. చెల్లె ఫోన్, బావ ఫోన్, చిన్ని ట్యాబ్, మూడింటినీ కలిపాను. ఒకదాంట్లో పెట్టింది కాసేపటికి మిగతా రెండింట్లో కనిపిస్తుంది. దారి పొడవునా తాళం వేసుకునే పోతుంది. లోపల ఏముందో మధ్యలో ఎవరికీ తెలియదు, ఆ యాప్ కంపెనీవాళ్లకు కూడా.

అందులో ఎవరి డివైస్‌లో వాళ్లు ఒక సొంత అర కూడా పెట్టుకోవచ్చు. ఆ అరలో వేసిన ఫైళ్లు మిగతా ఫోన్లకూ వస్తాయి, పేరు, తేదీ, సైజు కనిపిస్తాయి, కానీ తెరుచుకోవు. తెరవాలంటే వేసినవాళ్లు తమ డివైస్‌లోనే ప్యాటర్న్ గీసి ఒప్పుకోవాలి. పెద్దవాళ్లు ఫోన్లకు తాళాలు వేసుకోవడం చూసి చిన్ని తనకూ ఒక అర కావాలంది. పెట్టిచ్చాను. ప్యాటర్న్ గీసేటప్పుడు, "మామా, నువ్వు గూడ సూడద్దు, అటు దిరుగు" అంది. తిరిగాను. మళ్లీ ఇటు తిరిగేసరికి పడీ పడీ నవ్వుతోంది.

వానాకాలం, ఊరంతా జ్వరాలు. పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుంటే చెల్లె అందరు తల్లుల్లాగే కేకలేసింది. "పొద్దంత గా ట్యాబ్ సూసి సూసి జరం తెచ్చుకున్నవ్" అని చేతిలోంచి గుంజుకుని బీరువా మీద పెట్టింది. అది ఉత్త జ్వరం కాదు, డెంగీ. కరీంనగర్ తీసుకుపోయేసరికి చేయి దాటిపోయింది. దవాఖానలో కూడా పిల్ల ట్యాబ్ అడిగింది. "ఇంటికి పోయినంక ఇస్త బిడ్డా" అని చెప్పిందట చెల్లె.

మాలో చిన్నపిల్లలను కాల్చరు, పూడుస్తారు. పిల్లకు ఇష్టమైన వస్తువు వెంట పెడతారు. పెట్టకపోతే దానికోసం మళ్లీ ఇంటికి వస్తారని పెద్దల మాట. చెల్లె అత్త బీరువా మీది ట్యాబ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "దాని పాణమంత దీంట్లనే ఉండె. దీన్ని గూడ పెట్టుండ్రి" అంది. నమ్మకం లేకపోయినా అక్కడ వాదించే ఓపిక నాకు లేదు. ఎప్పుడో ఛార్జింగ్ అయిపోయి నల్లబడిన ట్యాబ్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చిన్ని గుండెల మీద, అద్దం పైకి ఉండేటట్టు నా చేతులతోనే పెట్టాను.

బావకు సెలవు దొరకలేదు. ఎవరో ఫోన్ పట్టుకుంటే అక్కడి నుంచే చూశాడు. సరిగ్గా మట్టి వేసేటప్పుడు సిగ్నల్ పోయింది. ఆడవాళ్లు బొందలగడ్డకు రారు కాబట్టి చెల్లె అదీ చూడలేదు.

దినాలు గడిచి చుట్టాలందరూ వెళ్లిపోయాక ఒక పొద్దున చెల్లె ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. "అన్నా, చిన్ని పంపింది" అంది. దీనికి మతి చలించిందనుకుని ఉన్నపళంగా కోరుట్ల పోయాను.

ఫోన్ చూపించింది. చిన్ని అరలో ఒక కొత్త వీడియో ఉంది. తాళం గుర్తు, పక్కన పేరు: "అమ్మకు".

నేను తేలిగ్గా తీసేశాను. ఇది ఎప్పుడో తీసిన వీడియో అయి ఉంటుంది, బస్సులో వేసిన పార్సిల్ ఒక్కోసారి ఆలస్యంగా దిగినట్టు ఇప్పుడు చేరింది అన్నాను. తీసిన తేదీ మేం పూడ్చిన తర్వాతది. దానికీ నా దగ్గర జవాబుంది. బ్యాటరీ చచ్చిపోతే ట్యాబ్‌లో తేదీ తప్పుతుందన్నాను.

రెండు రోజులకు ఇంకొకటి వచ్చింది. తర్వాత మరొకటి. అన్నింటికీ అదే పేరు. యాప్‌లో మూడు డివైస్‌లనూ చూపించే చోట "చిన్ని ట్యాబ్" పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. అంటే ఆన్‌లో ఉందని. ఎవడో వెధవ ఆటలాడుతున్నాడని నాకు ఒళ్లు మండిపోయింది. వైఫై పాస్‌వర్డ్ మార్చాను. రౌటర్ తీగ పీకేశాను. తీగ నా చేతిలో ఉండగానే దుబాయ్ నుంచి బావ ఫోన్ చేశాడు, ఇప్పుడే ఇంకొకటి వచ్చిందని.

కంపెనీకి రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. ఒక్కో డివైస్‌కు ఒక్కో తాళంచెవి, అది ఆ డివైస్‌లోనే పుడుతుంది, బయటికి రాదు, మరో ఫోన్ ఆ పేరు పెట్టుకుని పంపడం కుదరదు అన్నారు. మీరు చెప్పిన ఫైళ్లు ఆ ట్యాబ్ పంపినవే, తెరవడం మా వల్ల కాదు అన్నారు. ట్యాబ్ ఎక్కడుందో నేను వాళ్లకు రాయలేదు. ఏమని రాస్తాను?

చెల్లె తిండి మానేసింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఒక్కటే మాట అంది: "దానికి నామీద కోపమున్నదా లేదా, గదొక్కటి తెలిస్తె సాలన్నా నాకు."

బావ మంచివాడే. కానీ పిల్ల పోయినప్పటి నుంచి అతని నోట్లో నాలుక కత్తి అయింది. స్పీకర్లో అందరం వింటుండగానే, "దవాఖానకు ఎందుకు లేట్ జేసినవ్ అని గా వీడియోల అడుగుతుందేమో. ఇననీకి నీకు సిగ్గుండాలె" అన్నాడు చెల్లెను. తర్వాత ఏడ్చాడు. ఏడ్చి నాతో, "ట్యాబ్ తవ్వి తీయుండ్రి బావా, ఎట్లన్న జేసి తెరిపిద్దాం. మట్టెయ్యంగ గూడ సూడలే నేను. నా బిడ్డ ఏమన్నదో ఇననియ్యుండ్రి" అన్నాడు.

అత్త గడపకు అడ్డం కూర్చుంది. చెల్లె ముఖంలోకి చూస్తూ అంది: "బతికున్నప్పుడు దాని చేతులకెల్లి గుంజుకున్నవ్. సచ్చినంక గూడ గుంజుకుంటవానే?"

పగవాళ్లు కూడా అంత మాట అనరు. చెల్లె తల దించుకుని విన్నది, విని నావైపు తిరిగి, "పోయి తేపో అన్నా" అంది.

ఆదివారం పట్టపగలు, మంచి ఎండలో పోయాను. వెంట బొంద తవ్వే పెద్దాయన ఒక్కడే. పాపం తగులుతుందని ముందు ఒప్పుకోలేదు, తండ్రే తీయమన్నాడని ఫోన్లో వినిపిస్తే ఒప్పుకున్నాడు. పైమట్టి ఆయన తీశాడు. మిగతాది నేను చేతులతో తీశాను. అక్కడ చూసినవన్నీ రాయను. ట్యాబ్ పెట్టినచోటే ఉంది. నేను అద్దం పైకి పెట్టాను. దొరికినప్పుడు అద్దం పిల్ల వైపుకు ఉంది. మట్టి బరువుకు ఒరిగి ఉంటుందని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటాను.

దాన్ని పైకి తీసి కవర్ మీది మట్టి తుడుస్తుంటే జేబులో ఫోన్ మోగింది. చెల్లె. "ఇంకోటొచ్చిందన్నా, ఇప్పుడే వచ్చింది" అంది. గొంతులో సంతోషం. పేరు చదివినట్టుంది, ఆగిపోయింది. ఫోన్ పెట్టేసింది.

నేను అక్కడి నుంచే సిరిసిల్ల పోయాను. అక్కడ మరమగ్గాల మోటార్ల దగ్గర మొదలుపెట్టి ఫోన్ల బోర్డుల దాకా బాగుచేసే సలీం భాయ్ నాకు పాత దోస్తు. ఎక్కడిదో చెప్పలేదు, బావిలో పడిందన్నాను. విప్పాడు. లోపలంతా బురద నీళ్లు. బ్యాటరీ ఉబ్బి పగిలింది. బోర్డు మీద పచ్చటి తుప్పు. ఆయన నావైపు అదోలా చూశాడు.

"గిది సచ్చి శానా దినాలైంది భాయ్. కరెంటు పారే జాగనే లేదు. తాళంచెవి ఉండే చిప్పు గూడ ఖతం. ఖుదా మీద ఒట్టు, దీన్ని నేనే కాదు, ఎవ్వరూ లేపలేరు" అన్నాడు.

ఇవాళ కూడా ఇందులోంచి వీడియో వచ్చిందని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆయన కూలి తీసుకోలేదు, నేను చేతులు కడుక్కోవడానికి సబ్బు ఇచ్చాడు.

పొద్దు వాలేసరికి కోరుట్ల చేరాను. ట్యాబ్ పోయిందని, ఇక ఏదీ తెరుచుకోదని చెల్లెకు ఎలా చెప్పాలా అని దారిపొడవునా మథనపడ్డాను. ఆ అవసరం రాలేదు. చెల్లె ట్యాబ్ వైపు చూడనే లేదు. ఫోన్ నా చేతిలో పెట్టింది.

"అమ్మకు", "అమ్మకు", "అమ్మకు". వరుసగా అన్నీ అవే. అన్నింటికీ పైన, నేను మట్టిలో చేతులు పెట్టి ఉన్నప్పుడు వచ్చినది, మిగతావాటికన్నా పెద్ద వీడియో. దానికీ తాళం ఉంది. పేరు: "మామకు".

చిన్ని ట్యాబ్ ఇంకా ఆన్‌లో ఉందేమోనని చూశాను. పచ్చ చుక్క ఆరిపోయి ఉంది.

మర్నాడే ట్యాబ్ మళ్లీ పెట్టి రమ్మంది చెల్లె. ముక్కలన్నీ కవర్లో చుట్టి, పోయి, పెట్టి వచ్చాను. ఆ తర్వాత ఒక్కటి కూడా రాలేదు. బావ ఫోన్‌కూ రాలేదు. ఇది జరిగి ఏడాది కావస్తోంది. వచ్చిన ఫైళ్లు మాత్రం రెండు ఫోన్లలోనూ అలాగే ఉన్నాయి. బావకు ఇంకా సెలవు దొరకలేదు.

నాకు తెలిసినవి అన్నీ వరసపెట్టి చూసుకున్నాను. ఆలస్యంగా వచ్చాయనుకుంటే తేదీలు ఒప్పవు. ఎవరో పంపారనుకుంటే తాళంచెవి ఒప్పదు. ట్యాబే పంపిందనుకుంటే, అది వైఫై లేనిచోట, మట్టి కింద, బ్యాటరీ పగిలి ఉంది. దయ్యం అనడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు. ఆ పిల్లను నేను ఎత్తుకుని తిప్పాను, దాన్ని ఆ మాటతో పిలవలేను. అందులో నాకేం చెప్పిందో మాత్రం తెలుసుకోవాలని లేదు. ఒట్టేసి చెబుతున్నాను, ఆ తాళం తెరుచుకుంటుందేమోనని నాకు భయం.

మొన్న కోరుట్లలో ఒక కెమెరా పని పడితే చెల్లె ఇంటికి పోయాను. చాయ్ ఇచ్చింది. ఎదురుగా కూర్చుంది. నేను లేచి చెప్పులు తొడుక్కుంటుంటే, కోపం లేకుండా, ఏదో ఊసులాగే అంది:

"ఆఖర్ది గూడ నాకు రానియ్యలేదు గదన్నా నువ్వు."