మెడ వెనక నల్లపట్టీ

గోదావరిఖని బజారులో అన్వర్ ఫొటో స్టూడియో. నలుపు తెలుపు ఫొటోలు తీసేది అన్వర్, వాటికి రంగులు దిద్దేది అతని భార్య మైమూనా. బొగ్గుగనిలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, "అక్కా, మొఖం జర తెల్లగ చెయ్యి" అనేవాళ్లు. చేసేది.

ఎనభై ఏడు ఎండాకాలంలో, రీలు చివర మిగిలిన ఫిల్ముతో ఆమె పెరట్లో బెండ మొక్కల మీది పురుగులను తీయడం మొదలుపెట్టింది.

"పురుగులకు పాస్‌పోర్టు ఫొటోలా?" అన్నాడు అన్వర్.

"కదలకుంట కూసుంటున్నయి. నీ గిరాకీలకన్న నయం."

మంచిర్యాల కాలేజీలో పాఠాలు చెప్పే లింగమూర్తి, ఖని కార్మికుల క్లబ్బులో ఈ చుట్టుపక్కల పురుగుల ఫొటోలు పెడుతున్నాడు. పేరు తేలని పురుగు గోడకెక్కదన్నాడు. మైమూనా ఒక ఫొటో పట్టుకుని వెళ్లింది. ఎర్రటి వీపు, రెక్కకొక నల్లచుక్క, మెడ వెనక నల్లపట్టీ. కింద మూలన తన పేరు. అన్నేళ్లుగా ఆమె దిద్దిన ప్రతి ఫొటో మీదా స్టూడియో ముద్రే పడింది. ఈ ఒక్కటి తన పేరుతో గోడ మీద ఉండాలి.

లింగమూర్తి భూతద్దం పెట్టి చూశాడు. "చుక్కలు చూస్తే పత్తి మీద వాలే ఎర్రపురుగే. కానీ దానికి మెడ వెనక తెల్లపట్టీ ఉండాలమ్మా. తెల్లగ దిద్దుకొనిరా, పేరు రాస్తా."

"నేను చూసినదానికి నలుపే ఉండె సార్."

"చీరల రంగు మార్చవా, గట్లనే."

"చీర కట్టుకున్నామె మార్చమంటది. పురుగు నన్ను మార్చమనలే."

ఫొటో వెనక్కి తెచ్చుకుంది.

తొలకరి పడింది. తెల్లారి చూస్తే తడిసిన పురుగులన్నిటికీ మెడ వెనక తెల్లపట్టీ. ఆకు చాటున తడవని ఒకదానికి మాత్రం నలుపు. తడివేలితో దాన్ని మెల్లగా తుడిచింది. వేలికి బొగ్గుదుమ్ము అంటింది. బిందెల మీద, ఆరేసిన బట్టల మీద రోజూ తుడిచే దుమ్మే. పురుగు మీద కూడా పడుతుందని తోచనే లేదు.

అన్వర్ నవ్వాడు. "సారు చెప్పిందే నిజమాయె. ఇంక తెల్లగ దిద్దియ్యి."

"దిద్ద."

వాన కడిగిన పురుగును వేరే ఫొటో తీసింది. మెడ దగ్గర రంగు వేయకుండా కాగితం తెలుపే వదిలింది. రెండు ఫొటోలూ లింగమూర్తి బల్ల మీద పెట్టింది.

"తప్పు నాదే సార్. దుమ్ముకు రంగేసిన. పేరు మీరు చెప్పిందే. గానీ రెండు పెట్టాలె."

"ఒక్క పురుగుకు రెండు ఫొటోలెందుకు? తెల్లది చాలు."

"వానలు పోతే మా దగ్గరిది మళ్ల నల్లగైతది. తెల్లదొక్కటే పెడితే మావోళ్లు గుర్తువట్టరు. పెడితే రెండు పెట్టుండ్రి. లేకుంటే రెండూ తీస్కపోత."

ఫొటోల అంచుల మీంచి ఆమె వేళ్లు తీయలేదు. లింగమూర్తి పెన్ను మూత తీశాడు.

"నల్లదాని కింద ఏం పేరు రాయాలె?"

"అదే పేరు. దాని కింద నా పేరు."

క్లబ్బు గోడ మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. డ్యూటీ దిగి వచ్చిన గని కార్మికుడు రాయమల్లు తెల్లపట్టీ పురుగును దాటి, నల్లపట్టీ ముందు ఆగాడు.

"ఇగో, ఇది మా బెండ చెట్ల మీదుంటది" అన్నాడు పక్కవాడితో.