మైనం ముద్ద

ఆ చలికాలం పిట్టలు రాలేదని నేను చెప్పింది అబద్ధం. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు.

అప్పట్లో హెండర్సన్‌లో ఒక తెలుగువాళ్ళింట్లో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. పక్షవాతం వచ్చిన ఇంటి అంకుల్ పగలంతా కిటికీ దగ్గర కుర్చీలోనే గడిపేవారు. ఆ కిటికీ ఎదుటి నిమ్మచెట్టుకు నేను పశువుల కొవ్వు ముద్ద వేలాడదీసేదాన్ని. ఆంటీ దాన్ని వంటింట్లోకి రానివ్వరు కాబట్టి గరాజ్‌లో దాచేదాన్ని. కళ్ళచుట్టూ తెల్లటి వలయమున్న చిన్న ఆకుపచ్చ పిట్టలు గుంపుగా వచ్చి పొడుచుకు తినేవి. అంకుల్‌కి ఉన్న కాలక్షేపం అదొక్కటే.

ఒక ఆదివారం భోజనానికి వచ్చినవాళ్ళకు ఆయన నన్ను చూపించి, "ఈ పిల్లకి నోరు లేదండీ. రేపు మొగుడిక్కూడా కొవ్వు ముద్ద కట్టి, తలుపు చాటునుంచి చూస్తుంది!" అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు కొవ్వొత్తులు కరిగించి, అచ్చం అలాగే ఉండే మైనం ముద్ద చేసి చెట్టుకు కట్టాను. అసలు ముద్దను గరాజ్ వెనక్కి మార్చాను. అది నా గదిలోంచి తప్ప కనిపించదు. పిట్టలు రెండు రోజులు మైనాన్ని పొడిచి చూసి, అటు రావడం మానేశాయి.

"ఇవాళా రాలేదేంటమ్మా?" అని రోజూ అడిగేవారు.

"ఏమో అంకుల్, ఎక్కడా కనిపించట్లేదు" అనేదాన్ని. ఆయన మెడ చాచి వెతుకుతుంటే నాకు హాయిగా ఉండేది.

అక్కడ చలికాలానికి చివరి నెలైన ఆగస్టులో ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. అంబులెన్స్ ఎక్కిస్తుంటే నన్ను దగ్గరికి పిలిచారు.

"చలికి చచ్చిపోయుంటాయిలేమ్మా. నువ్వు రోజూ పెడుతూనే ఉన్నావుగా, నీ తప్పేం లేదు."