పొట్ట మీది ఒత్తిడి

దగ్గితే, తుమ్మితే, పాపను ఎత్తుకుంటే నాకు మూత్రం కారుతుంది. ఈ ముక్క మా ఆయనకు చెప్పడానికి కాన్పయ్యాక ఏడాది పైనే పట్టింది. చెప్పగానే దవాఖానకు తీసుకెళ్లాడు, కాదనను.

అక్కడి డాక్టర్ నన్ను కనీసం మంచం మీద పడుకోమని కూడా అనలేదు. "రోజుకు ఎన్ని ప్యాడ్లు?" అన్నాడు. "ఒకటి" అన్నాను. "అయితే మైల్డే" అని, స్ట్రెస్ అనే మాటతో మొదలయ్యే ఇంగ్లిషు పేరొకటి చీటీ మీద రాసి పంపేశాడు. ఆ ఒక్కటి ఎందుకు ఒక్కటో అడగాలి కదా! ఆఫీసులో ఉన్నంతసేపూ నేను నీళ్లు ముట్టను. తుమ్ము వస్తే కాలు మీద కాలు వేసి బిగబట్టుకుంటాను. ఒంట్లో నీళ్లే లేకపోతే ప్యాడ్ ఏం తడుస్తుంది?

మా ఆయన ఆ పేరులో మొదటి మాట మాత్రమే చదివాడు.

"చూసినవా, స్ట్రెస్సేనట. ఆ ప్రాజెక్టు నీ పానం తీస్తున్నదని నేనెప్పుడో చెప్పిన. జర ఫికర్ తగ్గించుకో."

సెలవు కోసం అదే చీటీ చూపిస్తే ఆఫీసువాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఒత్తిడి పోవాలని నన్ను నవ్వుల క్లాసులో చేర్చారు. చేతులు పైకెత్తి, పొట్ట పట్టుకుని, అందరితో పాటు గట్టిగా నవ్వాను. డ్రెస్సు తడిసిపోయింది. మియాపూర్ బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా బ్యాగును వెనక అడ్డం పెట్టుకుని నిలబడే వచ్చాను. దారంతా ఆ డాక్టర్‌నీ, ఆఫీసునీ, మా ఆయననీ మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

ఈసారి నేనే ఒక డాక్టరమ్మను వెతుక్కున్నాను. మా ఆయనా వెంట వచ్చాడు. దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు పొట్ట మీద పడే ఒత్తిడినే ఇక్కడ స్ట్రెస్ అంటారని, మనసులోని టెన్షన్‌కూ దీనికీ సంబంధం లేదని ఆమె చెప్పింది. నీళ్లు తాగించి, తూకం వేసిన ప్యాడ్ పెట్టించి, దగ్గించి, మెట్లెక్కించి, ఎంత కారిందో మళ్లీ తూకం వేసి చూస్తానంది. "అంతకుముందు ఒకటి చెప్పమ్మా. దీనివల్ల రోజూ ఎంత ఇబ్బంది? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పు."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "రెండో మూడో ఉంటది మేడమ్. గంతే."

నాకు ఒళ్లు మండిపోయింది.

"కారేది నాకు. అంకె నువ్వు చెప్తవా? ఇగ బయట కూసో, పో."

ఆయన డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె తలుపు వైపు చేయి చూపింది. ఆయన లేచి వెళ్లాడు.

"పది మేడమ్" అన్నాను. "నా బిడ్డ ఎత్తుకో అని నన్ను అడుగుడే బంద్ చేసింది."