ఏడో నంబరు చీటీ

గొడుగత్త అసలు పేరు ఫ్యాక్టరీ హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఇరవై ఆరేళ్లు గొడుగులు పరీక్షించింది కాబట్టి గొడుగత్త, అంతే. పిడి బిగించి, ఊచల కొనలకు గుడ్డ కుట్టాక ప్రతి గొడుగూ చివరికి ఆమె బల్ల మీదికే రావాలి. మూడుసార్లు తెరిచి మూసేది. కిటికీ వెలుగుకు పట్టి చిల్లులు వెతికేది. ఎనిమిది కొనల్నీ బొటనవేలితో తడిమేది. అన్నీ కుదిరితేనే లోపల ‘7’ అని అచ్చేసిన చిన్న చీటీ అంటించేది. ఏడు ఆమె నంబరు. యజమాని పక్కన నిలబడి తొందరపెట్టినా ఆ బొటనవేలు తొందరపడేది కాదు.

ఇంతలో పరాయి దేశపు గొడుగులు ఓడల్లో దిగాయి. వీళ్ల గొడుగు ఒకటి కొనే ధరకు అవి రెండొచ్చేవి. కొట్లవాళ్లు మొహం చాటేశారు. ఏడాది తిరక్కుండా ఫ్యాక్టరీ మూతపడింది. చివరి రోజున గొడుగత్త మిగిలిన చీటీల చుట్ట సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది.

“ఒకటి నా నుదుటన అంటించవే, నేనూ పాసైపోతాను,” అన్నాడు బస్సు నడిపి రిటైరైన ఆమె మొగుడు.

“మిమ్మల్ని వెలుగుకు పడితే అన్నీ చిల్లులే,” అందామె. అని నవ్వబోయి ఏడ్చేసింది.

దిగుమతి సరుకు దెబ్బకు పని పోయినవాళ్లకు ప్రభుత్వం కొత్త పని నేర్పిస్తుందనీ, నేర్చుకున్నన్నాళ్లూ నెలనెలా భృతి ఇస్తుందనీ తెలిసింది. నలభై రెండు మంది తరఫునా ఒక్కరే దరఖాస్తు పెట్టాలి. అందరూ అత్తనే ముందుకు తోశారు. పిడులు బిగించే పిడిపిల్లకైతే కాలు నిలవలేదు. ముప్పై దాటినా, ఇద్దరు పిల్లల తల్లయినా, ఆమె అందరికీ పిల్లే. ఫ్రిజ్‌ల రిపేరు నేర్చుకుంటానని అప్పుడే ఓ స్క్రూడ్రైవర్ కూడా కొనేసింది.

దరఖాస్తులో ఐదో ప్రశ్న ఇది: దిగుమతైన సరుకు మీ సరుకు లాంటిదేనా?

అత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెన్ను నొక్కిపట్టి రాసింది: ‘కాదు. దానికీ మాదానికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.’ రాసి అందరికీ చదివి వినిపించింది కూడా. నలభై ఒక్కమందీ చప్పట్లు కొట్టారు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఎవరికి అనుమానమొస్తుంది?

నెల తర్వాత జవాబొచ్చింది. ‘రెండు సరుకులూ ఒకే రకానివి కావని మీరే రాశారు. కాబట్టి దిగుమతుల వల్ల పని పోయిందని ఒప్పుకోలేము. అభ్యంతరముంటే పది రోజుల్లో వచ్చి చెప్పుకోవచ్చు.’

పిడిపిల్ల పల్లెత్తు మాట అనలేదు. “పోనీలే అత్తా, నీ కుట్టుమిషనుకి పనికొస్తుంది,” అని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు అత్తకు అన్నం సహించలేదు.

ఆఫీసుకు వెళ్తూ బస్సులో దారిపొడుగునా ‘అవును మేడమ్, ఒకటే’ అని వల్లించుకుంది. నలభై రెండు మంది కోసం ఒక్క అబద్ధం ఆడితే కళ్లేం పోవనుకుంది.

ఆఫీసరు చిన్నవయసు అమ్మాయి. కొట్లోంచి తెప్పించిన పరాయి గొడుగు బల్ల మీద పెట్టింది. “ఇప్పుడు చెప్పండమ్మా, ఇది మీ గొడుగు లాంటిదేనా?”

వల్లించిన మాట నోటిదాకా వచ్చింది గానీ చెయ్యి ముందే గొడుగందుకుంది. మూడుసార్లు తెరిచి మూసింది. కిటికీ దగ్గరికెళ్లి వెలుగుకు పట్టింది. చిల్లు లేదు. కొనలు తడిమింది. నాలుగో కొన దగ్గర బొటనవేలు ఆగింది. మళ్లీ మొదటి కొన నుంచీ తడుముకుంటూ వచ్చింది. ప్రతి కొనలోనూ చివరి కుట్టు వెనక్కి తిప్పి, ముడిని గుడ్డ లోపలికి దాచారు. గొడుగు దించేటప్పుడు జుట్టు పట్టుకోకుండా ఉండాలని ఫ్యాక్టరీలో కుట్టే పిల్లలకు తను తిట్టి తిట్టి నేర్పిన పని అది. ఎవరూ చెయ్యమనలేదు, చెయ్యకపోయినా ఎవరూ అడగరు. ఇన్నాళ్లూ దాచుకున్న కోపం ఎవరి మీద చూపించాలో ఆమెకు తెలియలేదు.

“ఏమైందమ్మా?”

“ఈ ముడి చూశారా మేడమ్? అక్కడ కూడా ఎవరో ఒకత్త ఉంది. తిట్టి మరీ నేర్పించింది,” అంటూ కళ్లు తుడుచుకుంది.

“అయితే మీదాని లాంటిదేనా?”

“లాంటిదే. నేను చూడకుండా రాశాను మేడమ్. ఇరవై ఆరేళ్లలో చూడకుండా చెప్పిన మాట అదొక్కటే.”

ఆఫీసరు రాసుకుని కాగితం ముందుకు జరిపింది. అత్త సంతకం చేసి, సంచిలోంచి చుట్ట తీసి, పరాయి గొడుగు లోపల ఏడో నంబరు చీటీ అంటించి నునుపుగా అదిమింది.

మూడు వారాలకు మంజూరు కాగితం వచ్చింది. అత్త చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పిడిపిల్ల ఇంటికెళ్లి స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టింది.

“ఒసే, ఫ్రిజ్ బాగుచేశాక తలుపు మూడుసార్లు తీసి వెయ్యి.”

“తెలుసత్తా,” అంది పిడిపిల్ల.