బురద బూట్ల ప్రొఫెసరు

మొన్న శనివారం మా ఊరి శివారు రోటోటూనాలో అమ్మాయి కొనుక్కుందామనుకున్న ఇల్లు చూడటానికి బయలుదేరుతుంటే, కారు ఎక్కకముందే అది నాకు షరతు పెట్టింది. "నాన్నా, ప్లీజ్, ఈ ఇంట్లో నువ్వు గోడలకేసి చూడకు. అమ్మతో కలిసి కిచెన్ చూడు, చాలు." దాని బాధ దానిది. ఇదివరకు అది మనసుపడ్డ రెండు ఇళ్ళకూ నేనే వంకలు పెట్టాను. వాటిని ఎవరో కొనుక్కొని హాయిగా ఉంటున్నారు. ఇదీ పోతే అల్లుడికి ఇక ముఖం చూపించలేను. అయినా ఏం చేయను, నాలుగు చినుకులు పడగానే ఆ నీళ్ళు ఎటు పోతాయో చూద్దామని పెరట్లోకి నడిచాను. అంతలోనే వాన వెలిసింది. ఒక్క మంచి వానలో వచ్చి చూసి అప్పుడు సైన్ చేయమన్నాను. అమ్మాయి కారు తలుపు ధడాలున వేసుకుంది.

ఈ రోగం నాకు అంటించింది మా జర్మన్ ప్రొఫెసరు గారు. ఎయిర్‌పోర్టులో ఆవకాయ సీసా పారేయించుకుని ఈ దేశంలో ఇంజనీరింగ్ చదువుకు దిగిన నా ఈడువాళ్ళకు అప్పటి చలి చెప్పనక్కర్లేదు. ఆయన వయసులో ఉండగా తన దేశంలో వంతెనలు, కొండవాలు జారకుండా ఆపే గోడలు కట్టారట. అందులో ఒక గోడ, లెక్కలన్నీ సరిగ్గా ఉండి కూడా, మొదటి పెద్ద వానకే జారిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, వాన కురుస్తుండగా ఆ స్థలాన్ని ఒక్కసారైనా చూడలేదే అన్న బాధతో ఉద్యోగం వదిలేసి, ఇక్కడికొచ్చి పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. ఆ బాధంతా మా మీద తీర్చుకున్నారు. వాన పడితే చాలు, మమ్మల్ని ఏ కొండవాలుకో తోలి, తిరిగొచ్చేసరికి క్లాసు గుమ్మంలో నిలబడి మా ముఖాలు కాదు, బూట్లు చూసేవారు. బురద అంటని వాడికి లోపలికి ప్రవేశం లేదు. ఉన్నది ఒక్క జత, అది ఆరేలోపు మళ్ళీ వాన. ఆయన్ని తెలుగులో తనివితీరా తిట్టుకునేవాళ్ళం.

ఇంతా చేసి ఆ మహానుభావుడు తనకంటూ ఒక ఇల్లు కొనుక్కోలేకపోయారు. ఏ స్థలం చూసినా ఏదో ఒక వంక. రిటైరయ్యాక కూడా అదే అద్దె ఫ్లాటు, పోయేదాకా అందులోనే. ఆయన పుణ్యమా అని మేమూ పిల్ల హైస్కూలుకు వచ్చేదాకా అద్దె ఇళ్ళలోనే గడిపాం. ఇప్పటికీ ఆయన మాటెత్తితే మా ఆవిడ గిన్నెలు గట్టిగా పెడుతుంది.

ఏజెంటు శుక్రవారంలోగా జవాబు చెప్పమన్నాడు. గురువారం సాయంత్రం కుండపోతగా వాన. తలుపు చప్పుడైతే తీశాను. అమ్మాయి తడిసి ముద్దయిపోయి, బూట్లనిండా బురదతో తిన్నగా కార్పెట్ మీదికి వచ్చేసింది.

"ఆ ఇంటి పెరట్లో అరగంట నిలబడ్డాను నాన్నా. వాటర్ అంతా రోడ్డు వైపే పోతోంది, ఇంటి దగ్గర చుక్క ఆగట్లేదు. సైన్ చేసెయ్యనా?"

"చేసెయ్యమ్మా" అన్నాను. పాపం, మా ప్రొఫెసరు గారు జీవితమంతా నీళ్ళు చూసి కూడా ఈ ఒక్క మాట తనకు తాను చెప్పుకోలేకపోయారు.

ఇప్పటి ఇంజనీర్లు వాననూ కంప్యూటర్ తెరమీదే చూస్తున్నారు, వాళ్ళ బూట్లు అద్దాల్లా ఉంటాయి. మా ఆవిడ కార్పెట్ పాడైందని కేకలేస్తూనే ఉంది. నేను మాత్రం ఆ బూట్లకేసే చూస్తూ నిలబడిపోయాను. ఆయన ఉండి ఉంటే, అమ్మాయిని ఆ బూట్లతోనే తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో నిలబెట్టేవాణ్ణి.